నీళ్ళు తాగని మామగారు

డాక్టరు ఆ పెద్దమనిషిని ఒక్క మాటైనా అడగలేదు. ఆయన ఎదురుగా కుర్చీలో నిటారుగా కూర్చునే ఉన్నారు. చెవులు బాగా వినిపిస్తాయి. పక్షవాతం వచ్చాక మాట కాస్త ముద్దగా వస్తోంది గానీ, ఓపిగ్గా వింటే అంతా అర్థమవుతుంది. అయినా డాక్టరు కాగితాల్లోంచి తలెత్తి, "రోజుకి నీళ్ళు ఏమాత్రం తాగుతున్నారీయన?" అని కొడుకుని అడిగాడు. కొడుకు భార్యకేసి చూశాడు. కోడలు మామగారికేసి చూసింది. మామగారు గోడమీది కాలెండరుకేసి చూశారు.

"పొద్దున కాఫీ తాగుతారండీ, మళ్ళీ సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చాక ఓ గ్లాసు నీళ్ళు" అంది కోడలు. "మధ్యలో బతిమాలినా, బామాలినా గుటక వెయ్యరు."

"మరి మూత్రంలో ఇన్ఫెక్షన్ రాక ఏమొస్తుంది? ఇది రెండోసారి. ఈ మందులు వాడండి, నీళ్ళు పట్టించండి. సోమవారం మళ్ళీ చూస్తాను. అప్పటికీ ఇదే వరసైతే ఆస్పత్రిలో చేర్చుకుని ట్యూబు వెయ్యక తప్పదు. ఆ తర్వాత నర్సులుండే చోట పెట్టుకుంటే మీకే సుఖం." అంటూనే డాక్టరు బయట కూర్చున్న తర్వాతి మనిషిని లోపలికి పిలిచాడు.

ఇంటికొచ్చాక అదే మాట మళ్ళీ ఫోన్లో నడిచింది. ఫోను అవతల ఆడపడుచు, అంటే మామగారి పెద్దకూతురు. వేరే ఊళ్ళో స్కూలు టీచరు. క్లాసులో వెనక బెంచీకి వినిపించేలా మాట్లాడి మాట్లాడి ఆవిడ గొంతు ఇంక తగ్గదు, దానికి తోడు ఫోను స్పీకర్లో పెట్టి ఉంది. "ఒరేయ్ తమ్ముడూ, మొహమాటాలు వద్దు. మా ఇంటి దగ్గర హోములో మంచం ఒకటి ఖాళీ అయింది. పగలూ రాత్రీ నర్సులుంటారు. ఆదివారం నేనొస్తున్నా. నాన్న నీళ్ళు తాగుతుంటే సరే, లేకపోతే నాతో తీసుకొచ్చేస్తా. మరదలు మాత్రం ఎంతకని చేస్తుంది?"

మామగారు ఫోనుకి రెండడుగుల దూరంలో ఉన్నారు. కూతురు ఆయన్ని పిలవలేదు, కొడుకు ఫోను ఆయన చేతికివ్వలేదు. ఆయన చేతికర్ర అందుకుని మెల్లగా తన గదిలోకి వెళ్ళిపోయారు. ఆ గదిలో ఆయన మంచం, కిటికీలో ఒక పూలకుండీ, మూలన గుడ్డ కప్పిన కుట్టుమిషను ఉన్నాయి. వీధి చివర దర్జీ దుకాణం మూసేసినప్పుడు అన్నీ అమ్మేసి ఆ మిషనొక్కటీ ఇంటికి తెచ్చుకున్నారు.

ఇక కోడలి సంగతి. ఈవిడ ఇంట్లో ఏదీ పారెయ్యనివ్వదు. సీసా మూతలు, తెగిన చెప్పుల పట్టీలు, పాత మేజోళ్ళు, అన్నిటికీ అలమార కింది అరలో చోటుంటుంది. చెప్పుల కొట్టువాళ్ళకి ఇంట్లోనే కూర్చుని అట్టపెట్టెలు మడిచిస్తుంది కాబట్టి కత్తెర, బ్లేడు, జిగురు ఎప్పుడూ చేతి కిందే ఉంటాయి. మొగుడు ఆవిణ్ణి 'చెత్తబుట్ట ఇంజినీరు' అని ఏడిపిస్తుంటాడు. అయితే ఇంట్లో కుళాయి కారినా, గొడుగు ఊడినా ఆ ఇంజినీరు గుమ్మం ముందే నిలబడతాడు. డాక్టరు మాట విన్నాక ఆవిడకి పంతం పట్టుకుంది. మామగారు నీళ్ళెందుకు తాగరు? గ్లాసు పట్టుకోవడం కష్టమై ఉంటుంది, అంతే కదా. కుడిచెయ్యి పడిపోయింది, ఎడమచేతికి అలవాటు లేదు. ఈ మాత్రం దానికి మనిషిని ఊరు దాటిస్తారా అనుకుంది.

బుధవారం పొద్దున పాత సైకిలు ట్యూబు అరచెయ్యంత ముక్క కోసి స్టీలు గ్లాసుకి తొడిగింది. చెయ్యి తడిగా ఉన్నా జారదు. మామగారు దాన్ని ఎడమచేత్తో పట్టుకుని, తిప్పి తిప్పి అంచు చూశారు.

"కోత తిన్నగా వచ్చిందమ్మాయ్" అన్నారు.

"కోత సంగతి తర్వాత, ముందు తాగండి మామయ్యగారూ."

"తాగుతాలే. అక్కడ పెట్టు."

అక్కడ పెట్టిన గ్లాసు మధ్యాహ్నానికి ఖాళీ అయింది. కోడలు సంబరపడిపోయింది. గురువారం ఇంకో మెట్టెక్కింది. ప్లాస్టిక్ సీసాకి పాత మేజోడు తొడిగి, మంచం కోడుకి పట్టీతో కట్టి, మూతకి బెజ్జం పెట్టి సన్న గొట్టం దూర్చింది. గొట్టం కొస సరిగ్గా ఆయన నోటి దగ్గరికి వస్తుంది, చెయ్యి కదపక్కర్లేదు. ఈ ఏర్పాటు చూసి మొగుడు, "రేపు నోరు కూడా నువ్వే తెరిపిస్తావా?" అన్నాడు. మామగారు మాత్రం నవ్వకుండా, "బుర్రున్న పిల్ల" అన్నారు. సాయంత్రానికి సీసా సగానికి దిగింది. కోడలు ఆడపడుచుకి ఫోన్ చేసి, తాగుతున్నారు వదినా, మంచం వద్దని చెప్పెయ్యండి అనబోయి, ఇంకొక్క రోజు చూద్దామని ఆగింది. ఆగడం మంచిదైంది.

ఎందుకంటే శుక్రవారం పొద్దున ఆయన గది ఊడుస్తుంటే కాలికి తడి తగిలింది. కిటికీ కింద చిన్న మడుగు. పూలకుండీ అడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. మట్టిలో వేలు పెడితే బురద. ఎప్పుడూ కళకళలాడే మొక్క ఆకులు పసుపుపచ్చగా మారి వేలాడుతున్నాయి. దానికీ రెండ్రోజుల్లో గ్లాసులూ, సీసాలూ తాగి అజీర్తి చేసింది, పాపం.

చీపురు పట్టుకుని ఆవిడ అలాగే నిలబడింది. కోపమూ, ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"మొక్కకి పోస్తున్నారా మామయ్యగారూ? నేనింత కష్టపడి చేస్తుంటే?"

ఆయన తలదించుకున్నారు.

"నా మీద కోపముంటే చెప్పండి. నా చేతి నీళ్ళు తాగబుద్ధి కాకపోతే అదైనా చెప్పండి."

"ఛ, అదేం మాట. నీ మీద నాకు కోపమేమిటమ్మాయ్." మాట తడబడింది, మళ్ళీ మొదలుపెట్టారు. "ఆదివారం పెద్దది వస్తుందిగా. వెళ్ళిపోతాలే. నీకూ తెరిపి."

"వెళ్ళాలని మీకుందా?"

ఆయన ఎడమచెయ్యి పక్కనున్న మిషను మీది గుడ్డని సర్దింది, సర్దినదాన్నే మళ్ళీ సర్దింది. కాసేపటికి, "అక్కడ మిషను పెట్టుకోనిస్తారా?" అని అడిగారు. ఈ మనిషికి ఎక్కడికీ వెళ్ళాలని లేదని కోడలికి అప్పుడు అర్థమైంది. వెళ్ళాలని లేదు, ఉండాలంటే తాగాల్సిన నీళ్ళూ తాగరు. ఇదెక్కడి లెక్కో ఆవిడకి అంతు చిక్కలేదు.

అంతు చిక్కకపోతే ఆవిడ చేసే పని ఒక్కటే, అలమార కింది అర తెరవడం. ఈసారి నూనె డబ్బా కోసి, కావాల్సినంత కోణంలో వంగే పాత్ర ఒకటి చెయ్యాలని కూర్చుంది. డబ్బా ప్లాస్టిక్ మందంగా ఉంది. మనసు మొక్క దగ్గరే ఉంది. బ్లేడు పట్టు జారి, చేతిలోనే తిరగబడి కుడిచేతి బొటనవేలి మొదట్లో సర్రున దిగింది. వీధి మలుపులో ఉన్న కాంపౌండరు మూడు కుట్లు వేసి, చెయ్యంతా ఉండలా కట్టు కట్టి, "వారం దాకా ఈ చేతికి సెలవు" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. అంతసేపూ బయటే ఉండడం వల్ల తిన్నగా బాత్రూంలోకి పరిగెత్తింది. తలుపేసుకుంది. కాంపౌండరు దగ్గరికి ఇంట్లో తిరిగే పైజామాతోనే వెళ్ళింది, దాని బొందు ముడి ఎడమచేత్తో లాగింది. లాగాల్సిన కొస కాక రెండో కొస చేతికొచ్చింది. ముడి బిగుసుకుంది. గోరుతో గీకింది. వంగి పళ్ళతో అందుకుందామంటే అంత వంగడానికి తనేం సర్కసు మనిషి కాదు. కంగారులో ఇంకా లాగితే అది కాస్తా పీటముడి పడింది. తన తిప్పలకి తనకే నవ్వొచ్చింది. చివరికి అక్కడే గూట్లో ఉన్న మొగుడి గెడ్డం కత్తెరతో బొందు పుటుక్కున కోసేసి గండం గట్టెక్కింది.

తర్వాత నిలబడి, జారిపోతున్న పైజామాని గుప్పిట్లో పట్టుకుని, తలుపు ఎలా తియ్యాలా అని చూసింది. ఉన్న ఒక్క చెయ్యీ పైజామాకే సరిపోయింది. అక్కడ ఆవిడ నవ్వు ఆగిపోయింది.

మామగారికి కూడా ఒక్కటే చెయ్యి. ఆ ఒక్క చేత్తో కర్ర పట్టుకోవాలి, బొందు విప్పుకోవాలి, మళ్ళీ కట్టుకోవాలి. బొందు ఒంటిచేత్తో ఎవరు కట్టగలరు? పొద్దున్నా, సాయంత్రమూ కొడుకు ఉంటాడు, స్నానం చేయిస్తాడు, బట్టలు కడతాడు. మధ్యలో ఇంట్లో ఉండేది కోడలు. పరాయింటి నుంచి వచ్చిన ఆడపిల్ల. దాన్ని పిలిచి, అమ్మాయ్, నా పైజామా బొందు కట్టు అని ఆ మనిషి ఎలా అడుగుతారు? ప్రాణం పోయినా అడగరు. ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తలో ఒకరోజు బాత్రూంలోకి వెళ్ళి, కొడుకు డ్యూటీ నుంచి వచ్చేదాకా బయటికి రాలేదు. ఏం మామయ్యగారూ అని తలుపు కొడితే, లోపల చల్లగా ఉందమ్మా, కూర్చున్నా అన్నారు. తను అది విని, సరేనని వెళ్ళి పెట్టెలు మడుచుకుంది. ఆ రోజు నుంచే ఆయన పగటిపూట నీళ్ళు మానేశారు.

గ్లాసుకి రబ్బరు, సీసాకి గొట్టం. నీళ్ళు లోపలికి పోయే దారి గురించే తను ఇన్ని వేషాలు వేసింది. ఆవిడకి తన మీద తనకే ఒళ్ళుమండింది. ఆ గోడకానుకుని కాసేపు ఏడ్చింది కూడా.

ఏడుపయ్యాక మొహం కడుక్కుని, పైజామాకి పిన్నీసు పెట్టుకుని పనిలో పడింది. ఈ సంగతి ఆయనతో అనకూడదు. అంటే ఆయన ఇంకా ముడుచుకుపోతారు. దండెం మీద ఆరుతున్న ఆయన పైజామాలు రెండు తీసింది. చిరిగిన దుప్పటి ఒకటుంది, పరుపుకి పట్టి ఉండడానికి చుట్టూ ఎలాస్టిక్ వేసిన రకం. దాని అంచులు కోసి ఎలాస్టిక్ బయటికి లాగింది. బొందులు పీకేసి, ఎలాస్టిక్ కొసకి పిన్నీసు గుచ్చి, మడతలోంచి దూర్చుకుంటూ పోయింది. రెండు చేతులుంటే చిటికెలో అయ్యే పని. ఒంటిచేత్తో పిన్నీసు దారిలో తెరుచుకుని గుడ్డలో ఇరుక్కుంది, కొస లోపలికి జారిపోయింది, మళ్ళీ మొదటికొచ్చింది. గుడ్డని మోకాళ్ళ మధ్య నొక్కిపట్టి, ఎడమచేత్తో వంకరటింకరగా నాలుగు కుట్లు వేసి, మడతపెట్టి ఆయన మంచం మీద ఉంచింది. ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి కర్ర చప్పుడైంది. మామగారు వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. పైజామా భుజాన వేసుకుని ఉన్నారు.

"ఇదెవరు కుట్టారు?"

ఎలాస్టిక్ అంటే ఈయనకి ఎంత చిరాకో కోడలికి తెలుసు. దుకాణం ఉన్న రోజుల్లో ఎవరైనా ఎలాస్టిక్ వెయ్యమంటే, పైజామా కావాలా, పసిపిల్లాడి లాగు కావాలా అని అడిగి పంపేసిన మనిషి. ఏమంటారో అని, "నేనే" అంది చిన్నగా.

ఆయన ఆవిడ చేతి కట్టుకేసి చూశారు. తర్వాత నడుము పట్టీని ఎడమచేత్తో సాగదీసి వదిలారు. "మెలిపడింది" అన్నారు. "కొసలు ఎదురెదురుగా పెట్టి కుట్టావు, రెండో రోజుకే ఊడుతుంది. ఒకదాని మీద ఒకటి వెయ్యాలి. చుట్టూ మిషను కుట్టు కూడా పడాలి, లేకపోతే లోపల మళ్ళీ మెలిపడుతుంది." ఆగి, గొంతు సవరించుకుని, "మిషను మీది గుడ్డ తీద్దువు గానీ, రా" అన్నారు.

గుడ్డ తీసి, సూదిలో దారం ఎక్కించడానికే ఇద్దరికీ చాలాసేపు పట్టింది. దారం ఆయన పట్టుకుంటే సూది దగ్గర ఆవిడ వేలు అడ్డం పెట్టాలి. తర్వాత ఆయన మిషనుకి కుడిపక్కన స్టూలు మీద కూర్చుని ఎడమచేత్తో చక్రం తిప్పారు. ఆవిడ ఎదురుగా కూర్చుని ఎడమచేత్తో గుడ్డ నడిపింది. మొదట్లో ఆయన తిప్పే జోరుకి ఈవిడ గుడ్డ అందించలేకపోయింది.

"లాగకు. దానంతటది పోతుంది, ఊరికే దారి చూపించు" అన్నారు.

"మీరు కాస్త నెమ్మదిగా తిప్పండి మరి, ఇదేమైనా పందెమా?"

"ఎలాస్టిక్కుని సాగదీసి పట్టుకో. ఆఁ, అలా. గుడ్డ కుచ్చు సమానంగా పడాలి."

ఇద్దరి ఎడమచేతులూ ఒక దారికొచ్చేసరికి మొదటి పైజామా అయిపోయింది. రెండోది తొందరగా అయింది. ఎందుకు ఎలాస్టిక్ వేశావని ఆయన అడగలేదు. ఆవిడా చెప్పలేదు. దారం తెంపాక ఆయన కుట్టంతా వేలితో తడిమి చూసుకుని, "ఎంతమందిని వెక్కిరించానో" అన్నారు. ఆ మాటకి ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆయన నవ్వితే మూతి ఒకపక్కకే పోతుంది, ఈమధ్య అందుకే నవ్వడం మానుకున్నారు. ఆ పూట మాత్రం అదేం పట్టించుకోలేదు.

సాయంత్రం మొగుడు రాగానే కోడలు పెరట్లోకి తీసుకెళ్ళి సంగతంతా చెప్పింది. ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి మాట్లాడకుండా విన్నాడు. "రోజూ రెండు పూటలా ఆ బొందు కట్టేది నేనే. నాకెందుకు తట్టలేదే?" అన్నాడు చివరికి. అతని మొహం చూస్తే ఆవిడకి జాలేసింది.

"తట్టనందుకు ఇప్పుడు బాధపడి ఏం లాభం. సుత్తి పట్రండి. బాత్రూం గడియ ఊడబీకింది మీరే కదా."

పడిపోతే తలుపు తియ్యడం కష్టమని ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే అతను గడియ తీసేశాడు. ఆ రోజు నుంచీ ఆయన లోపలున్నంతసేపూ తలుపు ఊరికే దగ్గరికి వేసి ఉండేది. ఇప్పుడు చౌకట్టుకి ఒక కొక్కెం కొట్టించి, తలుపుకి మిగిలిన ఎలాస్టిక్కుతో ఉచ్చు బిగించింది. లోపలున్నవాళ్ళు ఒక్క వేలితో తగిలించుకోవచ్చు. అవసరమైతే బయటివాళ్ళు గట్టిగా నెడితే సాగి, కొక్కెం నుంచి జారిపోతుంది. కుళాయి పక్కన పట్టుకోవడానికి మొగుడి చేత ఒక కర్ర కమ్మీ కూడా బిగింపించింది, పాత చీపురుకర్రే అది. మొగుడు కమ్మీ పట్టుకుని ఊగి చూసి, "ఇంజినీరు గారూ, పాసయ్యారు" అన్నాడు.

శనివారం పొద్దున మొగుడు డ్యూటీకి వెళ్ళాక కోడలు రబ్బరు తొడిగిన గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి బల్లమీద పెట్టింది. తాగండి అనలేదు. పెట్టెలు మడవడానికి ఎడమచేత్తో తంటాలు పడుతూ హాల్లో కూర్చుంది. చెవి మాత్రం గదివైపే ఉంది. గ్లాసు బల్లకి తగిలిన చప్పుడు వినిపించింది. చాలాసేపటికి కర్ర చప్పుడు, తర్వాత బాత్రూం తలుపు. ఆవిడ చేతిలోని అట్ట సగం మడతలో ఆగింది. లేచి వెళ్ళాలనిపించింది, వెళ్ళలేదు. ఆయన బయటికొచ్చి, హాలు దాటుతూ, ఆవిడకేసి చూడకుండా, "ఆ మొక్కకి నాలుగు రోజులు నీళ్ళు పొయ్యకమ్మాయ్" అని చెప్పి గదిలోకి వెళ్ళారు.

ఆదివారం ఆడపడుచు దిగింది. వస్తూనే సంచి పక్కన పడేసి, తమ్ముణ్ణి, మరదల్నీ కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టింది. హోమువాళ్ళతో మాట్లాడేసింది, సాయంత్రం బస్సుకి టిక్కెట్లు కూడా తీసింది. తాగుతున్నారని తమ్ముడంటే, "రెండు రోజుల ముచ్చటరా అది" అంది. "నువ్వు డ్యూటీకి పోతావు. దీనికి చెయ్యి తెగింది. పగలు నాన్నకెవరు చేస్తారు?"

మామగారు అక్కడే కుర్చీలో ఉన్నారు. కూతురు మాట్లాడుతున్నంతసేపూ చేతిలో గ్లాసుంది. మెల్లగా, గుటకగుటకకీ ఆగుతూ, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగారు. కింద పెట్టారు. కాసేపు కూర్చుని, కర్ర అందుకుని లేచారు.

"నాన్నా, ఆగు, పడతావు. నేను పట్టుకుంటా" అని కూతురు గబుక్కున లేచింది.

కోడలు తన ఎడమచేత్తో ఆవిడ మణికట్టు పట్టుకుంది. "కూర్చోండి వదినా."

"అదేమిటే, ఒక్కడే..."

"కూర్చోండి."

మరదలు తనతో అంత గట్టిగా మాట్లాడ్డం ఆడపడుచు ఎప్పుడూ వినలేదు, కూర్చుంది. బాత్రూం తలుపు పడింది. లోపలి నుంచి ఉచ్చు తగిలించిన చప్పుడు. ముగ్గురూ తలుపుకేసి చూస్తూ కూర్చున్నారు. లోపల కుళాయి తిరిగింది, ఆగింది. ఆడపడుచు తమ్ముడికేసి చూసింది, తమ్ముడు నేలకేసి చూశాడు. తలుపు తెరుచుకుంది. మామగారు చొక్కా కొస సర్దుకుంటూ బయటికొచ్చారు. కూతురి కళ్ళు ఆయన నడుము దగ్గర ఆగిపోయాయి.

"ఎలాస్టిక్కా నాన్నా? నువ్వా?" అంది. అన్నాక తండ్రి పడిపోయిన కుడిచేతికేసి చూసింది. మరదలికేసి చూసింది. కళ్ళు తుడుచుకోవడానికి కొంగు కూడా దొరకలేదు, చేత్తోనే తుడుచుకుంది.

ఆయన కుర్చీలో కూర్చున్నారు. "ఇందాకటి నుంచీ మాట్లాడుకుంటున్నారు" అన్నారు, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. "నన్నూ ఒక మాట అడగొచ్చు కదే."

ఆడపడుచు స్టూలు లాక్కుని తండ్రి ఎదురుగా కూర్చుంది. గొంతు బాగా తగ్గించి, "నువ్వెక్కడుంటావు నాన్నా?" అంది.

"ఇక్కడే" అన్నారాయన. తర్వాత ఖాళీ గ్లాసు ఎడమచేత్తో ఎత్తి కోడలివైపు చాపారు. "అమ్మాయ్, ఇంకాసిన్ని నీళ్ళియ్యి."